కిస్మిస్, డీజిల్ కాక్, ఎనిమిది ఆదివారాలు

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. భీమవరంలో ఒక కౌన్సెలింగ్ క్లినిక్ వాళ్ళు పెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (మనసులో, ఒంట్లో ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు గమనించుకోవడం) కోర్సు గురించి ఇది. క్లినిక్ పేరు రాయను. మెచ్చుకునేవి ఉన్నాయి, ఒళ్ళు మండేవీ ఉన్నాయి. పైగా మా వైపు అందరూ అందరికీ తెలిసినవాళ్ళే.

నేను రొయ్యల రైతుని. ఆకివీడు దగ్గర ఆరెకరాలు లీజుకి తీసుకుని వనామీ రకం రొయ్య వేస్తాను. ధ్యానాలూ అవీ రిటైరైన మాష్టార్ల పని అనుకునేవాణ్ణి.

2025 శ్రావణంలో, అంటే ఆగస్టులో, అమెరికావాడు మన సరుకు మీద సుంకం 50 శాతం అని ప్రకటించిన రోజుల్లో జరిగింది ఇది. రేటు ఏమవుతుందోనని అప్పటికే టెన్షన్. ఒక రాత్రి మూడింటికి కరెంటు పోయింది, చెరువుకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయాయి. రెండు రోజులుగా మబ్బు. పగలు ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ సరిగ్గా తయారవదు, తెల్లవారుజాముకి పడిపోతుంది. నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు 2.8 చూపించింది. నాలుగు లోపుకి వస్తేనే మాకు నిద్ర ఉండదు. జనరేటర్ హ్యాండిల్ తిప్పుతున్నాను, పట్టుకోవడం లేదు. గట్టు వారకి రొయ్యలు తేలుతున్నాయి, టార్చి వెలుగులో కళ్ళు మెరుస్తున్నాయి. అప్పుడు నా గుండెల మీద ఎవరో బస్తా దింపినట్టయింది. చేతులు తిమ్మిరెక్కాయి. ఇక పోయాను అనుకున్నాను.

చెరువు మీద ఉండే కుర్రాడు పరుగున వచ్చి చూసి, "డీజిల్ కాక్ కట్టేసి ఉందండీ" అన్నాడు. సాయంత్రం ఇంజనుకి డీజిల్ వెళ్ళే ఆ కుళాయిని కట్టింది నేనే.

ఈసీజీ తీశారు, ఎకో తీశారు, థైరాయిడ్ చూశారు. అన్నీ బాగున్నాయి. మానసిక వైద్యుడి దగ్గరికి పంపితే పానిక్ అటాక్ అని చెప్పి ఎసిటలోప్రామ్ 10 ఎంజీ రాశారు. మాత్ర పని చేసింది, కాదనను. కానీ నెలాఖరుకి రొయ్యల పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టాక కూడా రాత్రి రెండున్నర అయ్యేసరికి మెలకువ వచ్చేసేది. బీటలు తీసిన చెరువు గట్టు మీద టార్చి వేసుకుని నిలబడ్డ నన్ను మా ఆవిడ చూసింది. ఆవిడే వాకబు చేసి ఈ కోర్సులో నా పేరు రాయించింది. ఫీజు ఆరున్నర వేలు.

మా బావ అయితే కుముదవల్లి విపశ్యన ధ్యాన కేంద్రానికి పొమ్మన్నాడు. పది రోజులు మౌనం, ఫోన్ వాళ్ళకి ఇచ్చేయాలి, ఫీజు లేదు, చేసి వెళ్ళినవాళ్ళ విరాళాలతోనే నడుస్తుంది. ఆయన చేసొచ్చి బాగుపడ్డాడు కూడా. కానీ సీడు వేయబోయే రైతు పది రోజులు ఫోన్ ఇచ్చేసి ఎక్కడికి పోతాడు? ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా అంటే మాత్రం కుదురుతుంది.

నడిపించినావిడ క్లినికల్ సైకాలజిస్టు, ఎం.ఫిల్. చేసినావిడ. ముప్పై ఐదేళ్ళు ఉంటాయేమో. మొదటి రోజే నేనొక ప్రశ్న వేశాను: "ఇది నేర్చుకుంటే మాత్ర మానేయొచ్చాండీ?" ఆవిడ సూటిగా, "మాత్ర మానేది రాసినాయన చెప్పాలండీ, నేను కాదు" అంది. నాకు ఆ మాటతోనే గురి కుదిరింది. 2022లో అమెరికాలో 276 మంది ఆందోళన రోగుల మీద చేసిన పరీక్ష గురించి కూడా చెప్పింది. సగం మందికి నేను వేసుకునే మాత్రే, సగం మందికి ఇదే ఎనిమిది వారాల కోర్సు. రెండు గుంపులకీ దాదాపు ఒకేలా తగ్గిందట. "దాదాపు అన్న మాట మర్చిపోకండి, అందరికీ తగ్గలేదు" అని కూడా అంది. అమ్ముకునేవాళ్ళు ఇలా మాట్లాడరు.

కోర్సు పుట్టింది 1979లో, అమెరికాలో మాసచూసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో. జాన్ కబట్-జిన్ అనే ఆయన, ఏ మందుకీ లొంగని నొప్పులతో ఉన్న రోగుల కోసం మొదలుపెట్టారు. నొప్పి పోగొడతానని ఆయన చెప్పలేదు. నొప్పితో కుస్తీ పట్టడం తగ్గించి, దాన్ని ఉన్నదున్నట్టు చూడమన్నారు. తరవాత సీగల్, విలియమ్స్, టీజ్‌డేల్ అనే ముగ్గురు దీన్ని డిప్రెషన్ తిరగబెట్టేవాళ్ళ కోసం మలిచారు. మా బ్యాచిలో ఒక రిటైర్డ్ హెడ్‌మాష్టారు గారు ఉండేవారు, మూడుసార్లు డిప్రెషన్ వచ్చి తగ్గిన మనిషి. ఈ పద్ధతి సరిగ్గా అలాంటివాళ్ళ కోసమేనట. "మళ్ళీ వస్తోంది అని ముందే తెలిస్తే చాలు నాయనా" అనేవారాయన.

మూలం మాత్రం బుద్ధుడిదే. పాళీలో 'సతి' అంటారు. మన కోనసీమలో ఆదుర్రు బౌద్ధ స్తూపం ఉంది కదా, ఇటుకలు తేలి, చుట్టూ కొబ్బరిచెట్లతో. అక్కడ ఒకప్పుడు భిక్షువులు ఊపిరి చూసుకుంటూ కూర్చునే ఉంటారు. అది అమెరికా వెళ్ళి, ఆసుపత్రి సరుకై, ఆరున్నర వేలకి భీమవరం మూడో అంతస్తుకి తిరిగొచ్చింది. లిఫ్టు పనిచేయదు.

మొదటి క్లాసులో తలా ఒక కిస్మిస్ ఇచ్చారు. చూడమన్నారు, వేళ్ళ మధ్య తిప్పమన్నారు, వాసన చూడమన్నారు, చెవి దగ్గర పెట్టుకోమన్నారు. పది నిమిషాలు. నాకు నవ్వు ఆగలేదు. పక్కన ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ మహా సీరియస్‌గా చెవిలో పెట్టుకున్నంత పని చేశాడు. తరవాత ఎలా ఉందని అడిగితే నేను ఉన్నమాట అన్నాను: "మేడమ్, మేం రోజూ ఇదే చేస్తామండీ. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి రొయ్యని అరచేతిలో పెట్టుకుని చూస్తాం. పేగు నిండిందా లేదా, మీసం తెగిందా, తోక ఎర్రబడిందా, పెంకు మీద తెల్ల మచ్చ ఉందా."

ఆవిడ వెంటనే అడిగింది. "ఆ చూసేటప్పుడు రొయ్యని తిడతారా?"

"ఎందుకు తిడతానండీ? ఎలా ఉందో చూస్తాను."

"మీ ఛాతీని ఎప్పుడైనా అలా చూశారా?"

జవాబు చెప్పలేకపోయాను. రొయ్య ఒంట్లో ఏం జరుగుతోందో రోజుకి నాలుగుసార్లు చూసేవాణ్ణి. నా ఒంట్లో బస్తా పడేదాకా చూసుకోలేదు. ఎనిమిది వారాల్లో నేను నేర్చుకున్నది చాలావరకు ఆ ఐదు నిమిషాల మాటల్లోనే ఉంది. మిగతాదంతా సాధన.

సాధన అంటే రోజుకి ముప్పావుగంట. పడుకుని, కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా ఒంట్లో ఒక్కో చోట ఏం తెలుస్తోందో చూసుకుంటూ రావాలి. దానికి వాళ్ళిచ్చిన ఆడియో ఉంది చూశారూ, అది పెద్ద మైనస్. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఎవరిచేతో తెలుగు చేయించారు. "ఇప్పుడు మీ వామపాదమునందలి సంవేదనలను గమనింపుడు" అంటుంది. మా ఆవిడ పక్కగదిలోంచి వచ్చి ఎవరు పోయారని అడిగింది. అందరం గోల చేస్తే మూడో వారానికి సైకాలజిస్టు గారే తన గొంతుతో, మనం మాట్లాడుకునే మాటల్లో రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టారు. "ఎడమ పాదం ఎలా ఉందో చూడండి. వెచ్చగా ఉందా, చెమట పట్టిందా, ఏమీ తెలియడం లేదా? తెలియకపోయినా ఫర్వాలేదు." తేడా ఇంతా అంతా కాదు. మొదటి రెండు వారాలు దండగైంది మాత్రం ఆ వామపాదం వల్లే.

మైండ్‌ఫుల్‌నెస్‌కి వాళ్ళ పుస్తకంలో 'సంపూర్ణ జాగరూకత' అని రాశారు. మా అమ్మకి ఇది ఏమిటో చెప్పడానికి అవస్థ పడుతుంటే ఆవిడే అంది: "ఒళ్ళు తెలిసి నడవరా అని చిన్నప్పుడు వీపు మీద ఒకటేసేదాన్ని. అదేగా? దానికి ఆరున్నర వేలా?" అంతకంటే మంచి అనువాదం నాకు దొరకలేదు.

మూడో వారంలో మూడు నిమిషాల పద్ధతి ఒకటి నేర్పారు. ఇప్పుడు నాలో ఏం జరుగుతోంది అని చూసుకోవడం, తరవాత ఊపిరి మీదకి రావడం, తరవాత మొత్తం ఒంటి మీదకి చూపు విప్పుకోవడం. అక్టోబరు 28న మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి అది పరీక్షకొచ్చింది. చెరువులో నెల రోజుల రొయ్య పిల్ల ఉంది. కరెంటు పోయింది, షెడ్డు రేకు ఒకటి ఎగిరిపోయింది. గుండె దడ మొదలైంది. మూడు నిమిషాలు ఎవరిస్తారు ఆ గాలిలో? ముప్పై సెకన్లు అనుకోండి. బురదలో పాదాలు ఆనించి నిలబడి, మెడ బిగిసింది, గుండె కొట్టుకుంటోంది, పొట్టలో తిప్పుతోంది అని లోపల ఒక్కొక్కటీ చెప్పుకున్నాను, ల్యాబు రిపోర్టు చదివినట్టు. దడ తగ్గలేదు. అలాగే ఉంది. కానీ చెయ్యి నేరుగా డీజిల్ కాక్ మీదకి పోయింది.

అది కోర్సు మహిమా, ఒకసారి దెబ్బ తిన్నవాడి జ్ఞాపకమా అంటే రెండూ కొంచెం కొంచెం అని నా లెక్క.

ఇక తిట్లు. ఆరో వారంలో ఒక పూర్తి రోజు మౌనంగా ఉండాలి. మంచిదే. కానీ దానికి వాళ్ళు బుక్ చేసింది నరసాపురం రోడ్డులో ఒక కొబ్బరితోట గెస్ట్‌హౌసు, అదీ కార్తీకమాసం ఆదివారం నాడు! గోదావరి జిల్లాల్లో పుట్టినవాడెవడైనా చెబుతాడు, ఆ రోజు ఏ తోట ఖాళీగా ఉండదని. పక్క తోటలో ఏదో ఉద్యోగుల సంఘం వనసమారాధన. పదింటికి మైకు, పదకొండింటికి తంబోలా, పన్నెండు నుంచి డీజే. మేం కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకుంటుంటే "లక్కీ సెవెన్" అని కేకలు. శబ్దం వస్తే శబ్దాన్నే గమనించండి అన్నారు. గమనించాం. పులిహోర వాసన కూడా గమనించాం. ఆ రోజు డబ్బులు వెనక్కి ఇవ్వమని అడిగితే నవ్వేసి ఊరుకున్నారు.

రెండోది నవ్వులాట కాదు. మా బ్యాచిలో ఒకావిడ రెండో వారం కళ్ళు మూసుకోగానే వణికిపోయింది. పాతది ఏదో పెద్ద దెబ్బ ఉంది ఆవిడ జీవితంలో. సైకాలజిస్టు గారు గబుక్కున ఆవిడ చేత కళ్ళు తెరిపించి, పాదాలు నేలకి ఆనించమని, గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పించి నిదానపరిచారు. తరవాత బ్యాచిలోంచి తీసి విడిగా చూశారు. ఆ పని బాగా చేశారు. కానీ అలాంటివాళ్ళకి కళ్ళు మూసుకుని లోపలికి చూడటం ఒక్కోసారి ఎదురు తిరుగుతుందని సైకాలజిస్టు గారే చెప్పారు కదా, మరి చేర్చుకునే ముందు అడగాల్సింది. నన్ను ముప్పావుగంట కూర్చోబెట్టి మందు అలవాటు, నిద్ర, మాత్రలు అన్నీ అడిగారు. ఆ వణికినావిడ చివరి నిమిషంలో చేరిందని ఒక ఫారం ఇచ్చి సంతకం పెట్టించుకున్నారట. దీనికే ఒక మార్కు కోశాను.

ఇదే మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాట పెట్టుకుని వేరేవాళ్ళు పెట్టే వ్యక్తిత్వ వికాసం సభలకి కూడా అంతకుముందు ఒకసారి వెళ్ళాను. ఏసీ హాలు, మూడొందల మంది, కోటు వేసుకున్నాయన. ఆలోచనలు ఆపేయండి, మైండ్‌ఫుల్‌గా కోరుకోండి, డబ్బు దానంతటదే వస్తుంది అన్నాడు. ఆలోచనలు ఆగవండీ. ఆపమని ఈ కోర్సులో ఒక్కసారి కూడా చెప్పలేదు, వచ్చిందని తెలుసుకుని మళ్ళీ ఊపిరి దగ్గరికి రమ్మన్నారు. అక్కడ కట్టిన రెండున్నర వేలకి ఒక మేత బస్తా కొనుక్కున్నా రొయ్యలు తినేవి.

సంక్రాంతి దాటాక రాస్తున్నాను ఇది. పట్టుబడి అయిపోయింది, చెరువు మళ్ళీ ఎండగట్టాను. మాత్ర డాక్టరు గారు సగానికి తగ్గించారు. రెండున్నర మెలకువ పూర్తిగా పోలేదు. మొన్న మెలకువ వస్తే, వచ్చిందిలే అనుకుని మంచినీళ్ళు తాగి పడుకున్నాను. నిన్న మాత్రం టార్చి తీసుకుని వెళ్ళాను.

చేరదామనుకునేవాళ్ళకి: ఫోన్ చేసినప్పుడు నడిపేది క్లినికల్ సైకాలజిస్టేనా, ముందు విడిగా మాట్లాడతారా అని అడగండి. ఫీజు కష్టమైతే మానసిక సాయానికి కేంద్ర ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416 ఉంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మౌనం రోజు ఎక్కడ, ఏ మాసంలో అని కూడా కనుక్కోండి. దుప్పటి తెచ్చుకోండి, నేల చల్లగా ఉంటుంది. చెప్పులు బయట మెట్ల మీద విడవాలి, స్టాండు లేదు. నావి ఐదో వారం పోయాయి, కొత్తవి.