ఫ్రిస్కోనా, ప్లానోనా: పిల్లల చదువుకు ఏ డిస్ట్రిక్ట్ మేలు?

డాలస్ వైపు ఉద్యోగం ఖాయమైతే చాలు, తెలుగువాళ్ళ ఇళ్ళలో అద్దె ఎంత అన్న మాటకన్నా ముందు ఈ ప్రశ్నే వస్తుంది. డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, ప్లానో రెండూ పేరున్న స్కూల్ డిస్ట్రిక్టులే (అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులు నడిపే సంస్థలు), రెండింట్లోనూ మన పిల్లలు బోలెడుమంది. ఒకదాన్ని ఆకాశానికెత్తి రెండోదాన్ని తీసిపారేసేవాళ్ళ మాట పట్టించుకోనక్కర్లేదు. అసలు తేడా హైస్కూళ్ళను నడిపే పద్ధతిలో ఉంది.

అంతకుముందు ఒక జాగ్రత్త. ఊరు, డిస్ట్రిక్టు ఒకటి కాదు. ప్లానో చిరునామా ఉన్న కొన్ని ఇళ్ళు ఫ్రిస్కో ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) లోకి వస్తాయి. ఫ్రిస్కో ఊళ్ళో కొన్ని ఇళ్ళేమో ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ ఐఎస్‌డీల్లో ఉంటాయి. ఏజెంటు నోటిమాట మీద సంతకం పెట్టేయకుండా, ఇంటి నంబరుతో సహా డిస్ట్రిక్ట్ వాళ్ళ దగ్గరే అడిగి తేల్చుకోండి.

ఫ్రిస్కో పద్ధతి చిన్న బడి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నడిచే హైస్కూళ్ళు 12 ఉన్నాయి. ఒక్కోదానికి సుమారు 2,100 మంది చాలు అన్నది వాళ్ళ లెక్క. రెండు వేల మంది ఉన్నదాన్ని చిన్న బడి అంటే మన ఊళ్ళో నవ్వుతారు గానీ టెక్సస్‌లో అది చిన్నదే. దీనివల్ల లాభం చదువులోకన్నా ఆటపాటల్లో బాగా కనిపిస్తుంది. ప్రతి హైస్కూలుకీ ఒక వర్సిటీ (బడి తరఫున ఆడే ప్రధాన) బాస్కెట్‌బాల్ జట్టు, ఒక ఆర్కెస్ట్రా, ఒక డిబేట్ బృందం ఉంటాయి కాబట్టి మహా ప్రతిభ లేని పిల్లకి కూడా చోటు దొరుకుతుంది. ఒక్కో బడిలో పెట్టలేని ఖరీదైన కోర్సుల కోసం 2008లో ఉమ్మడిగా సీటీఈ (వృత్తి, సాంకేతిక విద్య) సెంటర్ తెరిచారు. పశువైద్యం, వంట, గేమ్ డిజైన్, ఇంజనీరింగ్ లాంటివి నేర్చుకోవడానికి పిల్లలు తమ హైస్కూలు నుంచి బస్సెక్కి అక్కడికి వెళ్ళొస్తారు. ఐఎస్ఎం అని ఇంకో కోర్సుంది. నచ్చిన వృత్తిలో ఉన్న ఒక పెద్దమనిషి దగ్గర ఏడాదంతా పని తెలుసుకుంటారు. మన తల్లిదండ్రులు ఏపీ (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులు లెక్కపెట్టడంలో పడి దీన్ని పట్టించుకోరు. నన్నడిగితే ఫ్రిస్కోలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ప్లానో దారి వేరు. అక్కడ తొమ్మిది, పది తరగతులు ఒక క్యాంపస్‌లో. పదకొండు, పన్నెండు సీనియర్ హైలో. ప్లానో సీనియర్, ఈస్ట్, వెస్ట్ అని మూడే సీనియర్ హైలు. పది దాకా బడి, ఆ తర్వాత రెండేళ్ళు ఇంటర్ కాలేజీ అలవాటైన మనకి ఇది కొత్తగా అనిపించదు. ఒకే ఈడు పిల్లలు అంతమంది ఒకచోట చేరతారు కాబట్టి, చిన్న బడిలో పదిమంది కూడా చేరక రద్దయ్యే కోర్సు ఇక్కడ నడుస్తుంది. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్ అనే అంతర్జాతీయ కోర్సు) కావాలనుకుంటే ప్లానో ఈస్ట్‌లో ఉంది. పుస్తకం పట్టించడంకన్నా ప్రాజెక్టులు చేయించే అకాడమీ హైస్కూల్ 2013లో మొదలైంది. ఇబ్బందల్లా జట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. చొచ్చుకుపోయే పిల్లాడికి ఫరవాలేదు. నోరు మెదపని పిల్లాడు ఆ గుంపులో ఎవరికీ ఆనడు.

ఇక ర్యాంకు గోల. 1997 నాటి టెక్సస్ చట్టం ప్రకారం క్లాసులో పై 10 శాతంలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) మాత్రం 2026 నుంచి దాన్ని 5 శాతానికి కుదించింది. చిన్న బడైతే ర్యాంకు తేలిగ్గా వస్తుందనీ, పెద్ద బడైతే ఎక్కువ సీట్లనీ రెండు వాదనలూ వింటాం. రెండూ తప్పే, శాతం ఎక్కడైనా శాతమే. పక్క బల్ల మీద ఎవరు కూర్చున్నారన్నదే లెక్క. బాగా చదివే పిల్లలే నిండిపోయిన బడిలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఆ 5 శాతంలోకి రాలేరు. అన్ని రకాల పిల్లలూ కలిసి చదివే బడిలో అవే మార్కులకి చోటుంటుంది. మనవాళ్ళంతా ఎగబడే జోనులోనే ఇల్లు కొనాలనుకునే ముందు ఇది ఆలోచించుకోవాలి.

భద్రత దగ్గర రెండింటికీ ఎక్కువ తక్కువలు చెప్పడం కష్టం, ఎందుకంటే చట్టం ఒకటే. 2022 మేలో టెక్సస్‌లోని యువాల్డీలో ఒక బడిలో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక, 2023లో హౌస్ బిల్ 3 అనే రాష్ట్ర చట్టం వచ్చింది. ప్రతి బడిలో ఆయుధంతో ఒక కాపలా అధికారి ఉండాలంది. అందుకు రాష్ట్రం మొదట ఇచ్చింది బడికి ఏటా 15,000 డాలర్లు, పిల్లకి 10 డాలర్లు. దాంతో ఒక మనిషి జీతం రాదు, మిగతాది డిస్ట్రిక్టే పెట్టుకోవాలి. ప్రతి తరగతిలో చప్పుడు చెయ్యని అత్యవసర బటన్ 2025–26 నుంచి తప్పనిసరి. ఆరు నుంచి పన్నెండు దాకా ఫెంటనిల్ అనే ప్రాణాంతక మత్తుమందు గురించి ఏటా పాఠం చెప్పాలి. బడి వేళల్లో ఫోను వాడకూడదని 2025లో ఇంకో చట్టం వచ్చింది.

ఇవన్నీ తరగతి గది చుట్టూ తిరిగేవి. 2025 ఏప్రిల్ 2న ఫ్రిస్కో ఐఎస్‌డీ స్టేడియంలో ట్రాక్ పోటీలు జరుగుతుండగా ఒక విద్యార్థి కత్తిపోటుకు చనిపోయాడు. దాన్ని చూపించి ఫ్రిస్కో మంచిది కాదనడం అన్యాయం, అది ఎక్కడైనా జరగొచ్చు. కానీ గేటు దగ్గర కాపలా ఎవరని అడిగే మనం, పోటీలప్పుడు స్టాండుల్లో పిల్లల్ని చూసుకునే పెద్దవాళ్ళు ఎందరని ఎప్పుడూ అడగం. రెండు డిస్ట్రిక్టుల్లోనూ అడగాల్సిన ప్రశ్న అదే.

డబ్బు సంగతి కూడా చూడాలి. 2024 నవంబరులో ఫ్రిస్కో ఓటర్లు పన్ను పెంపునీ, వంద కోట్ల డాలర్లు దాటిన బాండునీ (డిస్ట్రిక్టు తీసుకునే అప్పునీ) తిరగ్గొట్టారు. పిల్లల సంఖ్య తగ్గుతోందని ప్లానో 2025లో నాలుగు బడులు మూసేసింది, ఫ్రిస్కో ఒక మిడిల్ స్కూలు మూసింది. ఎదురుగా బడి ఉందని ఇంటికి పాతికవేల డాలర్లు ఎక్కువ పోసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

నా ఓటు పిల్లల వయసును బట్టి. ప్రైమరీలోనో మిడిల్ స్కూల్లోనో ఉన్న, కాస్త బెరుకు పిల్లలైతే ఫ్రిస్కో. పదో తరగతి మధ్యలో ఇండియా నుంచో ఇంకో రాష్ట్రం నుంచో వస్తుంటే మాత్రం ప్లానోనే. పదకొండులో అందరూ కొత్త భవనంలో అడుగుపెడతారు కాబట్టి మీ పిల్ల ఒక్కతే కొత్తది కాదు. ఐబీయే కావాలంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు, ప్లానో ఐఎస్‌డీలో ఇల్లు చూసుకోండి, పాతదైనా సరే.