పిల్లతో జింకల వేటకి లానో: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

రెండు రోజులు, ఒక ఆడ జింక, గది, బ్లైండు (దాక్కుని కాల్చే చిన్న గది) అన్నీ కలిపి 550 డాలర్లని టెక్సస్‌లో లానో ఊరి దగ్గర ఒక రాంచి (వేటకి డబ్బు తీసుకుని రానిచ్చే పెద్ద ప్రైవేటు పశువుల భూమి) వాళ్లు ఫోన్లో చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం బయల్దేరేసరికి బిల్లు 860 అయింది. తుపాకీ ముట్టుకోకుండా పిల్ల పక్కన కూర్చున్న తండ్రికి రోజుకి 100 చొప్పున 200. తోలు తీసి ముక్కలు కొట్టినందుకు 60. కోల్డ్ రూములో వేలాడదీసినందుకు 50. ఇవన్నీ కాగితం మీద ఉన్నవే. కాకపోతే ఆ కాగితం చేతికొచ్చేది అడ్వాన్సు కట్టాక, గేటు దగ్గర. పిల్లల్ని తీసుకొచ్చే కుటుంబాల దగ్గర, పక్కన కూర్చున్నందుకు డబ్బు గుంజడం అన్యాయం. పదకొండేళ్ల పిల్లని ఒంటరిగా తుపాకీతో కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఎక్కడుంటారు?

అదే కాగితంలో ఇంతకన్నా ప్రమాదమైన మాట ఇంకోటి ఉంటుంది: నేలమీద రక్తం కనిపిస్తే చంపినట్టే లెక్క, జింక దొరక్కపోయినా సరే. చేయి వణికే పిల్లకి ఇదే అసలు గండం. కాబట్టి అడ్వాన్సు పంపకముందే రూల్స్ మొత్తం ఈమెయిల్లో తెప్పించుకోండి. పక్కన కూర్చునేవాళ్లకి ఎంత, గాయపడి పారిపోతే ఎంత, తోలు తీయడానికి ఎంత, అసలు కాల్చకుండా తిరిగొస్తే ఎంత వెనక్కిస్తారు అని నాలుగూ అడగండి. "వచ్చాక మాట్లాడుకుందాం" అన్న రాంచిని వదిలేయండి.

టెక్సస్‌లో 95 శాతానికి పైగా భూమి ప్రైవేటుదే కాబట్టి ఈ రాంచిలు తప్ప గతి లేదనిపిస్తుంది. ఉంది. టెక్సస్ యూత్ హంటింగ్ ప్రోగ్రామ్ అని 1996 నుంచి నడుస్తోంది. టెక్సస్ వైల్డ్‌లైఫ్ అసోసియేషన్, రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ కలిసి నడుపుతాయి. 9 నుంచి 17 ఏళ్ల పిల్లలు, వెంట అమ్మో నాన్నో. భూమి యజమానులు తమ రాంచి తెరిచిస్తారు, వాలంటీర్లు వండి పెడతారు, గైడు బ్లైండులో పక్కనే కూర్చుంటాడు. ముందుగా పిల్ల గురి చూసి, టార్గెట్ మీద సరిగ్గా పడితేనే అడవిలోకి పంపుతారు. ఆ పద్ధతి చూస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. రాంచి ప్యాకేజీతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. చిక్కల్లా సీట్లు తక్కువ కావడమే, అందుకే వేసవిలోనే పిల్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయించి ప్రొఫైల్ పెట్టేయాలి. రెండో దారి ప్రభుత్వ భూముల్లో వేటకి రాష్ట్ర శాఖ తీసే లాటరీ, అందులో 8 నుంచి 16 ఏళ్ల వాళ్లకి విడిగా యూత్ వేటలు ఉంటాయి. ప్రభుత్వ భూముల్లో పగటిపూట నారింజ రంగు బట్ట తప్పనిసరి: మొత్తం 400 చదరపు అంగుళాలు, అందులో ఛాతీ మీద, వీపు మీద చెరో 144కి తగ్గకుండా, తలమీద నారింజ టోపీ. పక్కన ఉత్తినే కూర్చున్న నాన్నకీ అదే రూలు.

కాగితాల సంగతి. టెక్సస్‌లో ఆర్నెల్లు దాటి కాపురమున్న పెద్దవాళ్లకి లైసెన్సు 25 డాలర్లు, 17 నిండని పిల్లకి 7. ఆగస్టు 15 నుంచి అమ్ముతారు, మరుసటి ఆగస్టు 31తో గడువు ముగుస్తుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ ఉండాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పిల్లకి కోర్సు లేకపోతే, పక్కన ఉన్న పెద్దమనిషికి కోర్సూ ఉండాలి, లైసెన్సూ ఉండాలి, మాట వినిపించేంత దగ్గర్లోనూ ఉండాలి. తను కాల్చట్లేదు కదా అని నాన్న లైసెన్సు లేకుండా వెళ్తే ఇద్దరూ దొరికిపోతారు. 32 డాలర్లు పెట్టి ఇద్దరికీ లైసెన్సులు తీసుకుంటే ఆ గొడవే లేదు.

హెచ్-1బీ, హెచ్-4 మీద ఉన్న మనవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. వలసేతర వీసా ఉన్నవాళ్లు తుపాకీ పట్టడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు ఉంది. అంటే లైసెన్సు చేతికి రాకముందే షూటింగ్ రేంజికి వెళ్లి రైఫిల్ పట్టుకోకూడదు. ముందు లైసెన్సు, తర్వాతే రేంజి. అనుమానముంటే ఇమిగ్రేషన్ లాయర్ని ఒక్కసారి అడగడం మేలు.

తేదీల్లో పిల్లలకి మంచి వెసులుబాటు ఉంది. జనరల్ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది, దానికి ముందు వారాంతం యూత్ ఓన్లీ. పెద్దల తుపాకులు మోగకముందు కాబట్టి జింకలు బెదిరి ఉండవు, ఊళ్లో గదులూ దొరుకుతాయి. అప్పటికింకా గడియారాలు వెనక్కి తిప్పరు, సూర్యోదయం ఏడుంముప్పావు దగ్గరపడుతుంది. దానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు. పిల్లని ఐదుంముప్పావుకి లేపితే చాలు, ఏడుపు ఉండదు. చలి తట్టుకోగలిగితే జనవరి మొదటి ఆదివారం జనరల్ సీజన్ ముగిశాక ఇంకో రెండు వారాలు నార్త్ జోన్‌లో పిల్లలకే వదిలిపెడతారు. లానో ఆ జోన్‌లోదే.

రైఫిలు పిల్లకి సరిపోవాలి. నాన్న రైఫిలు ఇస్తే బట్ (భుజానికి ఆనించే వెనక కొస) చంకలోకి పోతుంది, కన్ను స్కోపుకి అతుక్కుంటుంది, పేలగానే కనుబొమ తెగుతుంది. యూత్ స్టాకులో ట్రిగ్గర్ నుంచి బట్ చివరిదాకా పన్నెండున్నర అంగుళాలు ఉంటే పదేళ్ల పిల్లకి కుదురుతుంది. స్కోపుకీ కంటికీ మూడున్నర అంగుళాల ఎడం. .243 విన్‌చెస్టర్ మంచి తూటా. పిల్లలు తినే మాంసం కాబట్టి సీసం కాకుండా పూర్తి రాగి బుల్లెట్, 80 లేదా 85 గ్రెయిన్ల బరువున్నది కొనండి. సీసం బుల్లెట్ పగిలి, కంటికి కనపడని తునకలు మాంసంలో దూరం దాకా పోతాయి. ముందు 25 గజాల్లో సరిచేసి, తర్వాత 100 గజాలకి వెళ్లండి. పావు ఎంఓఏ (గురి ఎంత జరిగిందో చెప్పే కోణం కొలత) స్కోపులో గుండీ ఒక క్లిక్కు తిప్పితే గురి 100 గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది, 25 దగ్గర అందులో నాలుగో వంతే. ఈ లెక్క తెలియక ఒక పెట్టె తూటాలు తగలేసేవాళ్లున్నారు. పిల్లకి ఎక్కువ సాధన .22 (చిన్న తూటా) రైఫిలుతో చేయించండి, .243 రోజుకి పది తూటాలు దాటనివ్వొద్దు. దాటితే భుజం నొప్పి కాదు సమస్య, పేలకముందే కన్ను మూసే అలవాటు పడుతుంది. అది పోగొట్టడం చాలా కష్టం.

బ్లైండు తలుపు తీయగానే పై మూలల్లో టార్చి వేయండి. అక్టోబరు చివరికి ఇంకా వెచ్చగానే ఉంటుంది, ఎర్ర కందిరీగల గూళ్లు అక్కడే ఉంటాయి. స్ప్రే డబ్బా సంచిలో పెట్టుకుని, వీలైతే ముందురోజు మధ్యాహ్నమే కొట్టి రండి. బ్లైండులో కుర్చీ పెద్దవాళ్ల ఎత్తుకి పెడతారు, పిల్ల గడ్డం కిటికీ చట్టం కిందే ఉంటుంది. గట్టి దిండొకటీ, పొట్టి ట్రైపాడూ పట్టుకెళ్లాలి. పెట్టెలాంటి బ్లైండు లోపల .243 శబ్దం చెవులు పగిలేలా ఉంటుంది. ఇద్దరికీ ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్స్ కావాలి, గుసగుస వినిపిస్తుంది, పేలుడు ఆగిపోతుంది. తిండి విషయంలో జంతికలు, చిప్స్ ప్యాకెట్లు వద్దు, చప్పుడవుతుంది. అరటిపండు, పల్లీ ఉండలు, కవరు తీసేసి డబ్బాలో పెట్టిన పులిహోర మేలు. రెండు గంటలు దాటితే పిల్ల కాళ్లు ఊపడం మొదలెడుతుంది, అప్పుడు బైనాక్యులర్ ఇచ్చి పిట్టల్ని లెక్కపెట్టమనండి. మూడు గంటలయ్యాక బలవంతంగా కూర్చోబెట్టకండి, సాయంత్రం రానంటుంది.

మొదటి సీజన్‌కి 100 గజాల లోపే, పక్కకి తిరిగి నిలబడ్డ ఆడ జింక చాలు. కొమ్ములున్న మగ జింకకి పోతే చాలా కౌంటీల్లో కొమ్ముల మధ్య లోపలి ఎడం 13 అంగుళాలు ఉండాలన్న నిబంధన ఉంది, చెవులు నిక్కబొడుచుకున్నప్పుడు ఆ కొసల మధ్య దూరంతో పోల్చి నిర్ణయించాలి. పిల్ల కంగారులో అది కుదరదు. గురి ముందు కాలి వెనక, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర. తల వైపు గురి పెట్టనివ్వొద్దు, దవడ విరిగి జంతువు నరకం పడుతుంది. కాల్చాక అరగంట కదలకండి. నెత్తుట్లో గులాబీ రంగు నురగ ఉంటే ఊపిరితిత్తులు తగిలాయి, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, మూడు నాలుగు గంటలు ఆగాలి. పచ్చగా కంపు కొడితే పొట్ట, ఆరు గంటలకి తక్కువ ఆగితే లేచి పరుగెడుతుంది. జింక దొరకగానే లైసెన్సు ట్యాగు మీద నెల, తేదీ కత్తిరించి కట్టండి, తర్వాతే ఫోటోలు.

అక్టోబరు మధ్యాహ్నం అక్కడ 80 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే. లోపలి అవయవాలు గంటలోపు తీసేయాలి. కత్తి మొన పైకి పెట్టి, రెండు వేళ్ల మధ్య తోలు ఎత్తి కోస్తే పొట్ట, మూత్రాశయం చిట్లవు. కూలర్లో మాంసాన్ని కరిగిన నీళ్లలో నాననివ్వకుండా డ్రెయిన్ తెరిచి, వాలుగా పెట్టండి. 40 డిగ్రీల కిందికి దిగాలి. ఊళ్లో మాంసం కోసిచ్చే ప్రాసెసర్‌కి ఇస్తే "మా జింక మాంసం మాకే ఇస్తారా, కలిపేస్తారా" అని అడగండి. సాసేజ్ చాలాచోట్ల అందరిదీ కలిపే చేస్తారు. రాగి బుల్లెట్‌కి పెట్టిన డబ్బంతా అక్కడ వృథా అవుతుంది. ఎముక తీసి కండలు విడదీయడం ఇంట్లో టేబుల్ మీద నాలుగు గంటల పని, చేసుకోండి.

బస గురించి ఒక్క మాట: బయట నీళ్ల కుళాయి, ఐస్ మిషను ఉన్నాయా అని అడిగి మోటెల్ తీసుకోండి. ఇంక్స్ లేక్ స్టేట్ పార్కులో క్యాంపు చోటు ఐదు నెలల ముందే తెరుస్తారు, పిల్లకి మధ్యాహ్నం ఈత కూడా కలిసొస్తుంది.

టెక్సస్‌లో జింకలకి క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (మెదడు దెబ్బతిని చిక్కిపోయి చచ్చే రోగం) 2012లో బయటపడింది. మెదడు, వెన్నుపాము, గ్రంథులు వంటింట్లోకి రానివ్వొద్దు. పరీక్షకి నమూనా ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్లో ఉంచండి. వండేటప్పుడు తెల్లటి కొవ్వూ, కండమీది వెండి పొరా పూర్తిగా గీసేయాలి, ఆ కొవ్వు చల్లారితే నోటికి మైనంలా అంటుకుంటుంది. భుజం, మెడ ముక్కలు రాత్రంతా పెరుగులో నానబెట్టి కుక్కర్లో ఆరు కూతలు రానిస్తే గోంగూరకి బ్రహ్మాండంగా కుదురుతాయి. వీపు కండ మాత్రం కుక్కర్లో పెట్టొద్దు. వేలిమందం బిళ్లలు కోసి, మిరియాలూ ఉప్పూ పట్టించి, బాగా కాగిన పెనం మీద అటు రెండు నిమిషాలు, ఇటు రెండు నిమిషాలు.