లింకు వేయడానికి ఓఆర్-టూల్స్: మెయిల్‌కి బాగుంది, గూడ్స్‌కి కష్టం

లింకు అంటే మా లోకో పైలట్లు (రైలు డ్రైవర్లు) వంతులవారీగా తిరిగే డ్యూటీ చార్టు, మెయిల్ అంటే టైమ్ ప్రకారం నడిచే ప్రయాణికుల బండ్లు. ముందే చెప్పేస్తా, బటన్ నొక్కితే ఆ చార్టు వచ్చే సాఫ్ట్‌వేర్ కాదిది. ఓఆర్-టూల్స్ అని గూగుల్ వాళ్లు ఉచితంగా ఇస్తున్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అందులో సీపీ-శాట్ అనే సాల్వర్ (మనం చెప్పిన రూల్స్‌కి సరిపడే జవాబు వెతికే ప్రోగ్రామ్) ఉంటుంది, పైథాన్ కాస్త వస్తే చాలు. ఏఎల్పీలుగా (అసిస్టెంట్ లోకో పైలట్లుగా) చేరేవాళ్లలో బీటెక్‌లకు కొదవ లేదు కాబట్టి (నేనూ అదే బాపతు) ఎవరికో ఒకరికి పనికొస్తుందని రాస్తున్నా. డ్యూటీ ఎక్కే, దిగే లాబీలో ఉండే సీఎంఎస్‌కి (రైల్వే వాళ్ల క్రూ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కి) ఇది బదులు కాదు, నేను దాని జోలికే పోలేదు. అందరికీ దొరికే టైమ్ టేబుల్ తీసుకుని, విజయవాడ హెడ్‌క్వార్టర్‌గా, అటు విశాఖ, ఇటు గూడూరు, కాజీపేట బండ్లతో ఊహకి ఒక లింకు వేసి చూశా, అంతే.

రూల్స్ రాయడం మాత్రం దీంట్లో హాయి. 8 గంటలు, ఆపైన డ్యూటీ చేసి దిగితే హెడ్‌క్వార్టర్‌లో 16 గంటల రెస్ట్, అంతకు తక్కువైతే 12, నెలకి 30 గంటల పీఆర్‌లు (పీరియాడిక్ రెస్ట్‌లు) నాలుగు లేదా 22 గంటలవి ఐదు, ఇలా ఒక్కో రూలుకి కొన్ని లైన్ల కోడ్. అన్నీ నిమిషాల్లో ఇవ్వాలి, ఎందుకంటే పూర్ణాంకాలు తప్ప దీనికి ఏమీ ఎక్కవు, ఏడున్నర గంటలంటే ఒప్పుకోదు, 450 అనాలి. పీఆర్ 30లోనే ఆ 16 కలిసిపోవాలా, లేక రెండూ కలిపి 46 ఇవ్వాలా అని 2024లో దక్షిణ రైల్వే లోకో పైలట్లు ఆందోళన చేశారు కదా, కోడ్‌లో ఆ 30ని 46 చేసి మళ్లీ రన్ చేస్తే అవే బండ్లకి ఇంకా ఎంతమంది కావాలో తేలిపోతుంది. మీటింగుల్లో గొంతు చించుకునే బదులు అలాంటి కాగితం ఒకటి ముందు పెడితే ఇటువాళ్లకీ అటువాళ్లకీ మాట్లాడటం తేలిక.

నాకు బాగా నచ్చింది లైన్ల వరస (లింకులో ఒక్కో డ్యూటీని లైను అంటాం). మెయిల్ లింకు ఎలాగూ తిరుగుతుంది, ఇవాళ నాకు పడ్డ లైను తర్వాత వెనకవాడికి పడుతుంది, రౌండ్ పూర్తయ్యేసరికి అందరిదీ సమానమే. బాధంతా వరసలో. మూడు రాత్రి డ్యూటీలు పక్కపక్కన పడితే మనిషి పిండి అయిపోతాడు, అవే మూడు దూరంగా పడితే తట్టుకుంటాడు. రాత్రులు గుంపు కాకూడదు, రన్నింగ్ రూమ్‌లో (బయటి ఊళ్లో మేం పడుకునే చోట) రెస్ట్ అయిపోయాక కూడా బండి లేక పడి ఉండే గంటలు తగ్గాలి, స్పేర్‌గా (బండి నడపకుండా ఊరికే ప్రయాణం చేస్తూ) కూర్చుని రావడం తగ్గాలి అని మూడూ ఒకేసారి అడిగినా, చేత్తో ఊహించని వరసలు చూపించింది. డాక్యుమెంటేషన్‌లో నర్సుల షిఫ్టుల ఉదాహరణ ఒకటి ఉంది, అక్కణ్నించి మొదలుపెట్టొచ్చు, కాకపోతే నర్సు డ్యూటీ దిగి అదే గేటు లోంచి ఇంటికి పోతుంది, మనం దిగేది గూడూరులో, ఆ తేడా మనమే రాసుకోవాలి.

ఇక న్యాయం సంగతి. లీవులు, సిక్ లీవులు వచ్చి లింకు చెదిరినప్పుడు ఖాళీలు నింపేవాళ్ల దగ్గర అసలు గొడవ. గంటలు సమానం చెయ్యమంటే చేసేస్తుంది. కానీ విశాఖ సూపర్‌ఫాస్ట్ సుమారు 350 కిలోమీటర్లు, అదే గంటలు ఊరూరా ఆగే బండి మీద గడిపినవాడికి అంత మైలేజీ రాదు, రన్నింగ్ అలవెన్సేమో కిలోమీటర్ల లెక్క. మైలేజీ సమానం చేస్తే రాత్రులు ఒకళ్ల నెత్తిన పడతాయి. ఏది న్యాయమో సాల్వర్ చెప్పదు, మనం చెప్పాలి. నేనైతే రాత్రులకే ఎక్కువ బరువు వేశా. అది కూడా సగటు చూడకుండా, అందరికంటే ఎక్కువ రాత్రులు పడ్డవాడి లెక్క తగ్గించమన్నా, సగటు బాగానే ఉంటుంది, దాని వెనక ఒకడు నలిగిపోతుంటాడు.

నచ్చనిది: రూల్స్ అన్నీ కచ్చితంగా కావాలంటే ‘ఇన్‌ఫీజిబుల్’ (ఇవన్నీ కలిపి కుదరదు) అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది, ఏ రూలు దగ్గర చిక్కుకుందో చెప్పదు. తెలుసుకునే దారి ఉంది కానీ ఆ ఏర్పాటు కూడా మనదే. అందుకని ఇష్టాయిష్టాలన్నిటికీ పెనాల్టీ పెట్టి వదులు చెయ్యండి, రెస్ట్ రూల్స్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదులు చెయ్యొద్దు. టైమ్ లిమిట్ పెట్టుకుంటే ఆ లోపు దొరికిన మంచి జవాబు ఇస్తుంది, మన పనికి అది చాలు, ‘ఆప్టిమల్’ అని వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు.

గూడ్స్‌కి మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. టైమ్ టేబుల్ లేని బండికి ముందే చార్టు ఎలా వేస్తాం? రేక్ (గూడ్స్ పెట్టెల వరస) ఎప్పుడు కదులుతుందో, కృష్ణా కెనాల్ దగ్గర ఎంతసేపు నిలబెడతారో ఏ సాల్వర్‌కి తెలుసు. రెస్ట్ ముందు అయిపోయినవాడికి ముందు కాల్ అన్న టర్న్ పద్ధతి చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది గానీ ఆ వరస రాత్రుల్ని లెక్కపెట్టదు. టర్న్‌లో పక్కపక్కన ఉన్న ఇద్దరు ముగ్గురిలో ఎవరికి రాత్రులు తక్కువ పడ్డాయో చూసి పంపమని ప్రతి కొన్ని గంటలకీ మళ్లీ రన్ చేసుకుంటే కొంత లాభం, అంతకు మించి లేదు.

మెయిల్ లింకుకి 5కి 4 ఇస్తా, గూడ్స్‌కి 2. జవాబు వచ్చేది అంకెల రూపంలో, దాన్ని ఎక్సెల్‌లో చార్టుగా మార్చుకోవడం మీ పనే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు విశాఖ లైను జోలికి వెంటనే పోకుండా గుంటూరు, తెనాలి వైపు చిన్న బండ్లు నాలుగు తీసుకుని చూడండి, తేడా వస్తే కాగితం మీద చేత్తో సరిచూసుకోవచ్చు.