స్మిక్, హువా హాంగ్: షాంఘై నుంచి రెండు దారులు

షాంఘైలోనే పుట్టి ప్రభుత్వ అండతో ఎదిగిన ఈ రెండు చిప్ తయారీ సంస్థల్లో హువా హాంగ్ వయసులో పెద్దది. స్వదేశంలో చిప్‌ల తయారీని పెంచేందుకు 1996లో చైనా ప్రభుత్వం తలపెట్టిన 909 ప్రాజెక్టులో భాగంగా, జపాన్ సంస్థ ఎన్‌ఈసీ భాగస్వామ్యంతో, మెమరీ చిప్‌ల కర్మాగారంగా అది మొదలైంది.

స్మిక్‌ను మాత్రం 2000లో, అమెరికా చిప్ సంస్థ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో రెండు దశాబ్దాలు పనిచేసిన రిచర్డ్ చాంగ్ స్థాపించారు. 2004కే న్యూయార్క్, హాంకాంగ్ మార్కెట్లలో నమోదైన ఆ వేగానికి సంస్థ గట్టి మూల్యమే చెల్లించింది: వ్యాపార రహస్యాలు అపహరించిందంటూ తైవాన్‌కు చెందిన చిప్ తయారీ సంస్థ టీఎస్‌ఎంసీ వేసిన దావాలు 2005లో 17.5 కోట్ల డాలర్లతో ఒకసారి, 2009లో 20 కోట్ల డాలర్లతో పాటు వాటా కూడా ఇచ్చి మరోసారి రాజీకి రాగా, చాంగ్ పదవి నుంచి తప్పుకున్నారు. ప్రభుత్వ సంస్థ దాతాంగ్ అప్పటికే, 2008లో, వాటాదారుగా చేరింది.

హువా హాంగ్ ఇతరుల డిజైన్లను తయారుచేసి ఇచ్చే పనికి మళ్లి, స్మార్ట్ కార్డుల చిప్‌ల వంటి పాత తరం పరిజ్ఞానంలో నిలదొక్కుకుంది. సంస్థాగత నిలకడలో నేను దానికే మొగ్గుతాను. సాంకేతిక సాహసం మాత్రం నిస్సందేహంగా స్మిక్‌దే: 2020 డిసెంబరులో అమెరికా ఆంక్షల జాబితాకెక్కి, అత్యాధునిక చిప్‌లపై అతి సన్నని గీతలను ముద్రించే ఈయూవీ యంత్రాలు దక్కకపోయినా, 2023లో హువావే మేట్ 60 ప్రో ఫోనులో కనిపించిన 7 నానోమీటర్ల స్థాయి చిప్ దాని కర్మాగారంలోనే తయారైంది.