విత్తనాలు ఆరబెట్టే డబ్బా: ఆరబెట్టే వరకు ఓకే, "వెంటనే విత్తుకోండి" అన్నది మాత్రం నమ్మొద్దు

మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, లోపల సన్నటి జాలీ ట్రే, ట్రే కింద పోసుకోవడానికి నారింజ రంగు సిలికా జెల్ పూసలు, మూత లోపలివైపు అతికించిన చిన్న డిజిటల్ తేమ మీటరు. సెట్ అంటే ఇంతే. గింజల్ని ఎండలో వేయడం, మబ్బు పట్టిందని లోపలికి తేవడం, మళ్లీ బయటపెట్టి పిట్టలు ఎత్తుకుపోకుండా కాపలా కాయడం, ఈ టెన్షన్ తప్పుతుందని తీసుకున్నాను. ఆ పని వరకు ఐదుకి నాలుగు ఇస్తాను. పెట్టె మీద "మూడు రోజుల్లో ఆరబెట్టండి, వెంటనే విత్తుకోండి" అని పెద్ద అక్షరాలతో వేశారే, దానికి మాత్రం సున్నా.

ఆరబెట్టడం నిజంగానే బాగుంది. జెల్ మామూలు గది వేడిలోనే తేమ లాగేస్తుంది కాబట్టి విత్తనం దెబ్బతినే భయం లేదు. పచ్చిగా ఉన్న విత్తనాన్ని 40 డిగ్రీలు దాటిన వేడిలో పెడితే లోపలి అంకురం పాడైపోవచ్చు, పైకి మాత్రం గింజ నిగనిగలాడుతూనే ఉంటుంది, నాటాక గానీ తెలియదు. ఇందులో ఆ గొడవ లేదు. పెట్టేటప్పుడు వంచితే వంగిపోయిన సొర గింజ, తీసేటప్పటికి పటుక్కున విరిగింది. జాలీకి దగ్గరగా ఉన్న పూసలు ముందు తేమ తాగి ముదురు ఆకుపచ్చకి తిరుగుతాయి, అడుగున ఉన్నవి ఇంకా నారింజగానే ఉంటాయి, అందుకని మధ్యలో ఒకసారి డబ్బా అటూ ఇటూ ఊపాలి, ఈ ముక్క సెట్‌తో ఇచ్చిన కాగితంలో రాయలేదు. నీలం రంగు జెల్ ఇవ్వకపోవడం మాత్రం మెచ్చుకోవాలి, అందులో ఉండే కోబాల్ట్ క్లోరైడ్ ఒంటికి మంచిది కాదు.

జెల్ మాత్రం పిసినారితనంగా ఇచ్చారు. విత్తనాల బరువుకి సమానంగా జెల్ ఉండాలన్నది అందరూ పాటించే లెక్క, ఇచ్చిన జెల్ సగం ట్రేకి సరిపోతే గొప్ప. టమాటా గింజల్లాంటివి కడిగి తడితడిగా పెట్టేస్తే ఆ నీళ్లు తాగడానికే జెల్ అయిపోతుంది, ముందు నీడలో పళ్లెంలో పలచగా పరిచి పైతడి ఆరాకే లోపల పెట్టండి. వాడిన జెల్‌ని 120 డిగ్రీల ఓవెన్‌లో పెడితే మళ్లీ నారింజకి వస్తుంది. వేడి మరీ ఎక్కువైతే పూసల్లో రంగు చచ్చిపోతుంది, ఇక ఎప్పుడు నిండిందో ఎప్పుడు ఆరిందో తెలియదు.

మీటరుని గుడ్డిగా నమ్మకండి. సీసా మూతలో కాస్త ఉప్పు వేసి, ముద్దలా అయ్యేటన్ని నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు గాలి చొరబడని కవర్లో రాత్రంతా ఉంచితే 75 శాతం తేమ చూపించాలి. నాది 70 దగ్గర ఆగింది. అంటే ఆ తేడా గుర్తుపెట్టుకుని చదువుకోవాలి, అంతకుమించి నష్టం లేదు.

ఇక అసలు గొడవ. ఆరిన విత్తనం వేరు, మొలకెత్తడానికి సిద్ధమైన విత్తనం వేరు. చాలా పంటల్లో కొత్తగా కోసిన విత్తనానికి నిద్రావస్థ ఉంటుంది, అంటే బతికే ఉన్నా కొంతకాలం మొలకెత్తదు. పొద్దుతిరుగుడుకి సుమారు నెలన్నర. వరిలో రకాన్ని బట్టి కొన్ని వారాలు. వేరుశనగలో గుత్తి రకాలకి దాదాపు ఉండదు, అందుకే కోతకొచ్చాక వాన పడితే నేలలోనే మొలిచి కూర్చుంటాయి, తీగ రకాలకి మాత్రం బాగానే ఉంటుంది. ఈ నిద్ర వదలాలంటే విత్తనం పొడిగా, గది వేడిలో కొంతకాలం మాగాలి. ఆ మాగడానికి లోపల కాస్త తేమ మిగలాలి. ఈ డబ్బా లోపలి గాలిలో తేమని మీటరు మీద 10, 15 శాతం దాకా దించేస్తుంది, అంత పొడిలో మాగడం బాగా నెమ్మదిస్తుంది, దానికి తోడు "తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి" అని కాగితంలో సలహా, చలిలో అది ఇంకా మందగిస్తుంది. అంటే వీళ్లు చెప్పినట్టు చేస్తే విత్తనం చావదు, నిద్ర కూడా లేవదు! మొలక శాతం తక్కువ వచ్చిందని నకిలీ విత్తనమనో చచ్చిన విత్తనమనో పారేసేవాళ్లు ఎంతమందో.

నేను వాడే పద్ధతి చెప్తాను. వచ్చే సీజన్‌కే వేసేవైతే మీటరు 40, 50 మధ్యకి రాగానే జెల్ తీసేసి, మూత పెట్టి, ఎండ తగలని అలమరలో వదిలేస్తాను. అప్పుడప్పుడు తడి గుడ్డలో పది గింజలు చుట్టి చూస్తే ఎప్పుడు సిద్ధమయ్యాయో అవే చెప్తాయి. తొందరుంటే వేరే దారులున్నాయి, విత్తన పరీక్షల ల్యాబుల్లో వరికి 50 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు వేడి చూపిస్తారు, వేరుశనగకి ఇథ్రెల్ అనే నిద్ర వదిలించే మందు వాడతారు, కానీ ఇంట్లో నాలుగు గుప్పెళ్ల కోసం అంత హడావిడి ఎందుకు.

ఏళ్ల తరబడి దాచుకునే విత్తనమైతే లెక్క వేరు, అక్కడ ఈ డబ్బా దుమ్ము రేపుతుంది. 5 నుంచి 14 శాతం మధ్య విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందని హారింగ్టన్ అనే శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఉంది, నిల్వచేసే చోట 5 డిగ్రీల వేడి తగ్గినా అంతే. ముందు మాగనిచ్చి, మొలక చూసుకుని, ఆ తర్వాత జెల్ వేసి పూర్తిగా ఆరబెట్టి ఫ్రిజ్‌లోకి పంపండి.

ఇంకొకటి, పెట్టె మీద "అన్ని రకాల విత్తనాలకు" అని కూడా ఉంది. మామిడి టెంక, పనస గింజ ఇందులో పెట్టారంటే అంతే సంగతులు, అవి ఎండితే చచ్చిపోతాయి, తీసిన వెంటనే నాటుకోవాల్సిందే. చిక్కుడు జాతి గింజలు మరీ ఎండితే పొట్టు గట్టిపడి నీళ్లు పీల్చవు, లేదా ఒక్కసారిగా నీళ్లలో వేస్తే లోపల పప్పు చిట్లుతుంది. వాటిని విత్తే ముందు ఒకట్రెండు రోజులు తేమగాలి తగిలేలా బయట పెట్టి, అప్పుడు నానబెట్టండి.