స్లాష్ ట్రక్కు షాకులు, అల్యూమినియం మెరుగు: ఏళ్ల తరబడి వాడాక

ట్రాక్సస్ స్లాష్ టూ వీల్ డ్రైవ్ ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) ట్రక్కు కొన్నవాళ్ల చూపు ముందు అల్యూమినియం షాకుల (కుదుపులను తట్టుకునే షాక్ అబ్జార్బర్ల) మీదే పడుతుంది. నా మాట వింటే ముందు మంచి సిలికాన్ షాక్ ఆయిలు కొనండి. 2008లో వచ్చిన ఈ పదో వంతు సైజు ట్రక్కును డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఏళ్లుగా నడుపుతున్నాను. దాన్ని తయారుచేసే కంపెనీ ఉన్న మెకిన్నీ మాకు పక్క ఊరే. స్పేర్ల కోసం ఎప్పుడూ వెతుక్కోలేదు.

ఇక్కడి నేల అచ్చం మన నల్లరేగడి. వాన పడితే ముద్దలు ముద్దలుగా చక్రాలకు పట్టేస్తుంది, ఎండితే నెర్రెలిచ్చి పొడి లేస్తుంది. షాకులను పాడుచేసేది ఆ పొడే. షాఫ్టు (షాకులో లోపలికీ బయటికీ ఆడే కడ్డీ) మీద ఉండే సన్నటి నూనె తడికి అంటుకుని, షాఫ్టు కదిలినప్పుడల్లా ఓ-రింగును (ఆయిలు కారకుండా ఆపే రబ్బరు వలయాన్ని) అరగదీస్తుంది. అందుకే నడిపాక షాఫ్టులను మెత్తటి గుడ్డతో తుడవందే ట్రక్కును లోపల పెట్టను.

ట్రక్కుతో వచ్చే ఆయిలు 30 వెయిట్. వెయిట్ అంటే ఆయిలు చిక్కదనం. ఈ నంబరు కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి సీసా మీద సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లెక్క చూసుకోవాలి. టీమ్ అసోసియేటెడ్ వాళ్ల 30 వెయిట్ అంటే 350, 40 వెయిట్ అంటే 500. డాలస్ ఎండ 38 డిగ్రీలు దాటితే ఆయిలు పలచబడి ట్రక్కు ఊగిపోతుంది. అందుకని వేసవిలో ముందు 40, వెనక 35 పోస్తాను. చలికాలంలో నాలుగింటికీ 30 చాలు.

ఆయిలు చిక్కగా, పిస్టన్ (షాఫ్టు చివర ఆయిల్లో కదిలే రంధ్రాల బిళ్ల) రంధ్రాలు చిన్నవిగా పెడితే గట్టిగా ఉంటుందిలే అనుకుంటారు చాలామంది. మెల్లగా వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది. ఎత్తు నుంచి దూకినప్పుడు మాత్రం పిస్టన్ ఒక్కసారిగా కదలాలి, ఆయిలు ఆ సన్నటి రంధ్రాల్లోంచి అంత వేగంగా పోలేదు. షాకు బిగుసుకుపోయి ట్రక్కు బంతిలా ఎగిరిపడుతుంది. గతుకుల నేల మీద నడిపేవాళ్లకు పెద్ద రంధ్రాలు, చిక్కటి ఆయిలు కుదురుతాయి.

అన్నిటికన్నా ఓపిక కావలసింది గాలి తీయడానికి. షాఫ్టును పూర్తిగా కిందికి లాగి, అంచు దాకా ఆయిలు పోసి, పిస్టన్ ఆయిలు పైకి రాకుండా మెల్లగా పైకీ కిందికీ ఆడించాలి. ఆవగింజంత బుడగలు రంధ్రాల్లోంచి ఒక్కొక్కటే పైకొస్తాయి. తరవాత పది నిమిషాలు నిలబెట్టి వదిలేయాలి. షాఫ్టును కొంచెం లోపలికి నెట్టి క్యాపు బిగిస్తే మిగులు ఆయిలు బయటికొచ్చేస్తుంది. నొక్కినప్పుడు 'పుస్' మని చప్పుడు వస్తే గాలి ఇంకా ఉన్నట్టే, మళ్లీ మొదలుపెట్టాలి. ఎడమ, కుడి షాకులను పక్కపక్కన పెట్టి నొక్కి చూడండి, రెండూ ఒకే వేగంతో కదలాలి.

స్ప్రింగు బిగింపుకు నా లెక్క ఒకటే. ట్రక్కు నేల మీద నిలిచినప్పుడు వెనక చక్రాలను తిప్పే హాఫ్ షాఫ్టులు నేలకు సమాంతరంగా ఉండాలి. అడుగు ఎత్తు నుంచి వదిలితే అడుగుభాగం నేలను తాకీ తాకనట్టు దిగి, ఎగరకుండా కుదురుకోవాలి.

ఇక మెరుగు. పేరు లేని నీలం రంగు అల్యూమినియం షాకుల సెట్టు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. షాఫ్టులు గరుకుగా ఉండి ఆయిలు కారేది. పనితీరు విషయంలో మామూలు ప్లాస్టిక్ షాకులే నయం. కానీ దాని క్యాపులు, ట్రక్కుకున్న అల్యూమినియం హబ్బులు (చక్రాల ఇరుసును పట్టి ఉంచే భాగాలు) మెరుగుకు బాగా లొంగాయి. పైన ఉన్న యానొడైజింగ్ పొర (అల్యూమినియం మీద ఎక్కించే గట్టి రంగు పొర) పోతేగాని అద్దంలా మెరవదు. దానికి కొందరు సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న ఓవెన్ క్లీనర్ వాడతారు. అది పొరతో ఆగదు, ఎక్కువసేపు ఉంచితే అల్యూమినియాన్నీ తినేస్తుంది. వాడితే గ్లవ్సు, కళ్లను కప్పే రక్షణ అద్దాలు వేసుకుని బయట గాలిలోనే చేయాలి. నేను మాత్రం ఉప్పుకాగితం పక్షమే. 600, 1000, 1500, 2000 నంబర్లు వరసగా, నీళ్లతో తడుపుతూ, ప్రతిసారీ దిశ మార్చి, కింది నంబరు గీతలు పూర్తిగా పోయేదాకా రుద్దాలి. చివర మదర్స్ కంపెనీ అల్యూమినియం పాలిష్. గుడ్డ నల్లబడుతుంటే లోహం అరుగుతున్నట్టు. ఆ నలుపు కింద నుంచి తళుక్కున వెలుగు పైకి రావడం చూస్తే ఎంత తృప్తో!

షాకు బాడీ లోపలి గోడ జోలికీ, షాఫ్టు జోలికీ ఎప్పుడూ వెళ్లకండి. కంపెనీ పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పూత వేసిన బాడీలనూ ముట్టుకోవద్దు, వాటి నున్నదనమంతా ఆ పూత వల్లే. మరల్లో ఇరుక్కున్న పాలిష్‌ను పాత పళ్ల బ్రష్షుతో, సబ్బునీళ్లతో కడిగేయాలి. ఆయిల్లో కలిసిందంటే ఓ-రింగులు పోయినట్టే.

రుద్దేటప్పుడు కళ్లు భాగానికి అంత దగ్గరగా ఉంటాయి కాబట్టి వెంట్రుకంత పగుళ్లు కూడా కనిపిస్తాయి. హబ్బు చెవి దగ్గర అలాంటిది దొరికితే వెంటనే మార్చేశాను. దెబ్బలు తినే ఆర్ములు (చక్రాలను ట్రక్కుకు కలిపే చేతులు) మాత్రం ప్లాస్టిక్‌వే ఉంచుతాను. ప్లాస్టిక్ వంగి మళ్లీ సర్దుకుంటుంది, అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది.

మెరుగు పెట్టిన అల్యూమినియం వట్టిగా వదిలేస్తే మసకబారుతుంది, కారుకు రాసే మైనం పలచగా రాస్తే కొంతకాలం ఆగుతుంది. షాకులు ఎలాగూ విప్పారు కాబట్టి ఓ-రింగులు కూడా అప్పుడే మార్చేయండి. టీమ్ అసోసియేటెడ్ గ్రీన్ స్లైమ్ (ఓ-రింగులకు రాసే జిగట గ్రీజు) ఒక చుక్క రాసి ఎక్కిస్తే షాఫ్టు పట్టకుండా ఆడుతుంది, కారడమూ బాగా తగ్గుతుంది.