కాటాకు పరీక్ష పెట్టాం: మా ఇంటి వెయింగ్ మిషన్ రివ్యూ

వెయ్యి రూపాయల లోపు ఆన్‌లైన్‌లో దొరికే నల్ల గాజు పలక మిషన్ ఇది. 180 కిలోల దాకా తూస్తుంది, 100 గ్రాముల తేడా చూపిస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇందులో నాకు నచ్చని సంగతి ఈ రకం మిషన్లు చాలావాటిలో ఉంది, ఒక్కళ్లని అని లాభం లేదు.

కొన్నది నాన్న కోసం. ఆయనకు గుండె పంపింగ్ తగ్గింది. రోజూ పొద్దున బరువు రాసిపెట్టండి, 3 రోజుల్లో 2 కిలోలు దాటి పెరిగితే వెంటనే ఫోన్ చేయండి అన్నారు డాక్టరు గారు. నాన్న తెనాలిలో ఏళ్ల తరబడి కిరాణా కొట్టు నడిపిన మనిషి. డబ్బా విప్పగానే మిషన్‌ని బోర్లించి, "దీనికి ముద్రేదమ్మా?" అన్నారు. కొట్లో ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర పడాల్సిందే కదా. ఇది వ్యాపారానికి వాడేది కాదు, ముద్ర అక్కర్లేదు నాన్నా అంటే, "అయితే మనమే చూసుకోవాలి" అని అటక మీది పాత తూకం రాళ్లు దింపించారు. 10 కిలోలవి రెండు, 5 కిలోలది ఒకటి, అర కిలోది ఒకటి. అమ్మ ఎన్నిసార్లు పాత ఇనుముకి వేసేద్దామన్నా ఆయన ఒప్పుకోలేదు.

పాతిక కిలోలు పెడితే 24.9 వచ్చింది. నాకు చాలనిపించింది. ఆయనకు చాల్లేదు. "పాతిక దగ్గర సరిగ్గా ఉంటే డెబ్బై దగ్గర ఉండాలనేముంది?" అని తను ఒట్టి చేతులతో ఒకసారి నిలబడ్డారు, తర్వాత 10 కిలోల రాయి పట్టుకుని ఎక్కబోయారు. డాక్టరు గారు బరువులు మోయొద్దన్నారని నేను మొత్తుకున్నాక ఆ పని నాకు అప్పగించారు. నేను 66.3, రాయి పట్టుకుంటే 76.3. అంతవరకు మిషన్ పాసే.

ఇంట్లో రాళ్లు లేనివాళ్లు గ్యాస్ బండతో చూసుకోవచ్చు. బండ మెడ చుట్టూ ఉండే పట్టీ మీద ఖాళీ బరువు ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే నిండు బండ బరువు. 15.8 అని ఉంటే 30 రావాలి. కింద పీట వేయకపోతే బండ అడుగు అంకెల్ని కప్పేస్తుంది, పీట బరువు తీసేసి లెక్క చూసుకోండి. సీలు తీయని బియ్యం బస్తా అయినా పనికొస్తుంది, కానీ దాని మీద ఎంతుందో చదవండి. 25 కిలోల వరకు ప్యాకింగ్ బియ్యం మీద 2022 జూలైలో జీఎస్టీ వేశాక మన దగ్గర 26 కిలోల బస్తాలు వచ్చాయి కదా, పాతికే అనుకుని మిషన్‌ని తిట్టకండి.

ఇక నచ్చని సంగతి. ఒట్టి చేతులతో ఇంకోసారి ఎక్కాను, 66.3. వెంటనే అర కిలో రాయి చేత్తో పట్టుకుని ఎక్కితే మళ్లీ 66.3 అనే వచ్చింది. దిగి, రాయి పక్కన పెట్టి ఎక్కినా అదే. నాన్న మొహంలో కొట్లో దొంగ కాటా దొరికినంత కోపం. తర్వాత తెలిసిందేంటంటే, కొత్త తూకం పాత తూకానికి దగ్గర్లో ఉంటే ఈ మిషన్ కొత్తది చూపించదు, పాత అంకెనే మళ్లీ వేస్తుంది. నాలుగుసార్లు ఎక్కినా ఒకే అంకె వస్తే కొన్నవాడు "అబ్బ, ఎంత కరెక్టో" అనుకుంటాడు కదా, అందుకు. దీనివల్ల మీ బరువు రెండు మూడు రోజులు కదలనట్టే ఉండి, ఒకరోజు ఒక్కసారిగా అర కిలో పైన ఎగురుతుంది. విరుగుడు సులువే. ముందు మిషన్ మీద ఏదైనా వేరే బరువు పెట్టి, తీసేసి, అప్పుడు ఎక్కండి. మేం రోజూ 10 కిలోల రాయి పెట్టి ఎక్కుతాం. పాత అంకె పోతుంది, మిషన్ సంగతీ తేలుతుంది.

బాత్రూంలో మాత్రం పెట్టకండి. మన బాత్రూం గచ్చు నీళ్ల తూము వైపు వాలుగా ఉంటుంది. ఈ మిషన్ నాలుగు కాళ్లలోనూ నాలుగు సెన్సర్లు, బరువుకి లోపలి ఇనుప ముక్క రవ్వంత వంగితే దాన్ని బట్టే లెక్క. ఒక కాలు టైల్స్ సందులో దిగినా, మనం ఒక పక్కకి ఒరిగినా అంకె మారిపోతుంది. పైగా తడి గాజు మీద అరవై దాటినవాళ్లని నిలబెట్టడం ఎందుకు? మాది హాల్లో, టీవీ స్టాండు పక్కన, ఒకే టైలు మీద ఉంటుంది. చోటు మారిస్తే మొదటిసారి ఎక్కి దిగి, సున్నా వచ్చాక మళ్లీ ఎక్కాలి.

నాన్న కోసం కొన్నదాన్ని నేనూ ఎక్కడం మొదలుపెట్టాను. భీమవరంలో పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు 1.6 కిలోలు ఎక్కువ. కిలో కొవ్వు చేరాలంటే ఒంటికి అవసరమైనదానికి పైన సుమారు 7,700 క్యాలరీలు తినాలి. అంటే మామూలు తిండి కాకుండా ఇంకో పన్నెండు వేలు. బొబ్బట్లు నేను బాగానే లాగించాను గానీ అంత కాదు. ఆ బరువు పులిహోరలో, ఊరగాయలో ఉప్పు పట్టి ఉంచిన నీళ్లది, ఇంకా అరగని తిండిది. రెండు రోజుల్లో దానంతటదే పోయింది. నెలసరి ముందు కూడా నాకు కిలో దాకా పెరుగుతుంది, తర్వాత దిగుతుంది. అన్నం మానేసిన మొదటి వారం రెండు కిలోలు తగ్గామని మా ఆఫీసులో వాళ్లు మిఠాయి పంచినంత సంబరపడతారే, అదీ చాలావరకు నీళ్లే. అన్నం లాంటి పిండి పదార్థాల నుంచి ఒళ్లు దాచుకునే నిల్వ గ్లైకోజెన్. దాని గ్రాముకి దాదాపు 3 గ్రాముల నీళ్లు పట్టి ఉంటాయి. అది ఖర్చయితే నీళ్లూ పోతాయి, మళ్లీ అన్నం తింటే రెండూ వచ్చేస్తాయి.

కాబట్టి నా విషయంలో రోజువారీ అంకెకు విలువ లేదు, వారం సగటు చూసుకుంటాను. నాన్న విషయంలో అలా కాదు. ఆయనకు చూడాల్సిందే ఆ నీళ్లని. గుండె సరిగ్గా తోడకపోతే ఒంట్లో నీరు చేరుతుంది, కాళ్లు పొంగేలోపే అది కాటా మీద తెలుస్తుంది. సంక్రాంతి తర్వాత ఆయన బరువు 71.2 నుంచి 71.9 అయింది, తర్వాత 72.6, మర్నాడు 73.4. "అమ్మాయ్, కాటా మారిందా, నేను మారానా?" అన్నారు. రాయి పెట్టాం, 10.0. ఇక వాదన లేదు. సాక్సు తీస్తే మడమ పైన గీత లోతుగా పడి ఉంది. డాక్టరు గారికి ఫోన్ చేస్తే నీరు పోయే మాత్ర మార్చారు, పరీక్షలకు రమ్మన్నారు. పక్కింటి వాళ్లు పంపిన ఊర మిరపకాయల సీసా సగం ఖాళీ అని అమ్మ తర్వాత కనిపెట్టింది. ఈ 2 కిలోల హద్దు మా నాన్నకి చెప్పింది. మీ ఇంట్లో గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లుంటే వాళ్ల హద్దు వాళ్ల డాక్టర్నే అడగండి.

ఒంట్లో కొవ్వు శాతం, ఎముకల బరువు ఫోన్లో చూపించే స్మార్ట్ మిషన్ మా తమ్ముడి దగ్గర ఉంది. పాదాల గుండా చిన్న కరెంటు పంపి అంచనా వేస్తుంది. ఒంట్లో నీళ్ల శాతం మారితే దాని కొవ్వు లెక్కా మారుతుంది. పేస్‌మేకర్ (గుండె లయ తప్పకుండా ఒంట్లో అమర్చే చిన్న యంత్రం) ఉన్నవాళ్లు అలాంటివి వాడకూడదు. ఇవన్నీ చూసి మా ఇంటికి మామూలుదే మేలనుకున్నాను.

అంకెలు పెద్దవి, నాన్న కళ్లజోడు లేకుండా చదువుతారు. సెల్లుల మూత మాత్రం గోటితో రాదు, చెంచా కాడ కావాలి. సెల్లు తగ్గితే 'లో' అని వస్తుంది, ఆ రోజు తూకం పుస్తకంలో రాయొద్దు. నా లెక్కన 5కి 3 స్టార్లు. పాత అంకె చూపించే ఆ తెలివితేటలు లేకపోతే 4 ఇచ్చేదాన్ని. నాన్న అయితే ముద్ర లేనిదానికి స్టార్లేంటి అంటున్నారు.